అత్తగారి తెల్లచీర

"ఏమే ఫిలోమినా... ఆ దండెం మీదిది ఏ చీరే?"

చేతిలో సంచి ఇంకా కింద పెట్టనే లేదు మణెమ్మ. ఈపూరులో కూతురికి పురుడు పోసి, నెల తర్వాత మాచర్లలో బస్సు దిగి ఇంటికొచ్చిన మనిషి, పెరట్లో ఆరుతున్న నీలం చీరను చూస్తూ అలాగే నిలబడిపోయింది. కోడలు మంచినీళ్ల చెంబుతో నవ్వుతూ ఎదురొచ్చింది.

"నువ్వు చెప్పిందే అత్తమ్మా! పెట్టెలో పసుపెక్కిన తెల్లచీరకి రంగేసి బడికి కట్టుకోమన్నావుగా! రేపే బడి తెరిచేది. ఎట్టా వచ్చింది రంగు?"

మణెమ్మ సంచి అక్కడే పడేసింది. దండెం దగ్గరికి వెళ్లి అంచు చేతిలోకి తీసుకుంది. ఆ సన్నని అంచు మీద వేళ్లు నడిపింది. అంతే... అక్కడే కూలబడింది!

"అయ్యో... ఇది నా పెళ్లిచీరే! నన్ను మట్టిలో పెట్టేటప్పుడు కట్టమని దాచుకున్న చీరే! ఎంత పని చేశావే తల్లీ!"

ఫిలోమినా చేతిలోని చెంబులో నీళ్లు పాదాల మీద ఒలికిపోతున్నా ఆమెకు తెలియలేదు.

ఆ ఇంటి పద్ధతి తెలియని వాళ్లకు ఈ పొరపాటు ఎలా జరిగిందో అర్థం కాదు. మణెమ్మ ఇంట్లో ఆడమనిషికి మూడే చీరలు. ఇంట్లోకి ఒకటి, బయటికి ఒకటి, ఆదివారం చర్చికి ఒకటి. ఉన్నది చిరిగితే గాని ఇంకోటి రాదు. వచ్చేది మాత్రం అలాంటిలాంటిది కాదు! నరసరావుపేట దాకా బస్సెక్కి వెళ్లి, నేతచీరల కొట్లో కూర్చుని, గుడ్డను వెలుతురుకు పట్టి చూసి, అంచు నలిపి చూసి, కొట్టువాడు ఇక నా వల్ల కాదని చేతులెత్తేశాక గాని ఆవిడకు ఒక చీర నచ్చేది కాదు. ఇంట్లో రోజూ జొన్నన్నం, గోంగూర పచ్చడి. వీధిలోకి వస్తే మాత్రం గంజి పెట్టిన మంచి నూలు చీర! తెల్లచీర పసుపెక్కితే రంగు వేయాలి. రంగు వెలిస్తే లంగాలు కుట్టాలి. లంగాలు చిరిగితే పసిపిల్లలకు పొత్తిగుడ్డలు. ఆ ఇంట్లో ఏ గుడ్డకూ అంత తేలిగ్గా చావు రాదు.

గురజాల నుంచి కాపురానికి వచ్చినప్పుడు ఫిలోమినా పెట్టె నిండా తళుకుల నైలాన్ చీరలు తెచ్చుకుంది. "ఇవేం చీరలే, ఎండలో ఒంటికి అంటుకునేవి!" అని అత్త దెప్పినప్పుడల్లా చాటుకు వెళ్లి ఏడ్చేది. రెండు ఎండాకాలాలు గడిచేసరికి ఆ తళుకులన్నీ పోగులు లేచి, వెలిసిపోయి, కట్టుకుంటే తనకే సిగ్గేసేలా తయారయ్యాయి. అత్త కొనిపెట్టిన ఒక్క నేతచీర మాత్రం ఉతికిన కొద్దీ మెత్తబడి, ఇంకా కొత్తగానే ఉంది! అప్పటి నుంచి ఆవిడ మాటకు ఎదురు చెప్పలేదు.

ఫిలోమినా భర్త ఇన్నయ్య నాపరాళ్ల లారీ డ్రైవరు. మొన్న వేసవిలో రాళ్లు దించుతుంటే బండ పాదం మీద పడింది. ఇక క్లచ్ తొక్కే కాలు కాదన్నారు డాక్టరు గారు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునే భర్తను చూసి చూసి, పెళ్లికి ముందు చదివిన టీచరు ట్రైనింగు గుర్తొచ్చింది ఫిలోమినాకు. కన్యాస్త్రీల బడిలో ఉద్యోగం ఇచ్చారు. "బడికి పోయే మనిషివి. ఉన్న బయటి చీరకి తోడు ఇంకోటి ఉండాలి" అని అత్త ఈపూరు వెళ్తూ వెళ్తూ ఆ రంగు మాట చెప్పి వెళ్లింది.

చెప్పింది నిజమే. కానీ పెట్టె తెరిస్తే పైన ఒక ముతక తెల్లచీర, అడుగున పాత దిండు గలీబులో చుట్టి మరో తెల్లచీర... రెండూ పసుపెక్కినవే! అత్త చెప్పింది పైదే అయ్యుంటుందని ఫిలోమినాకు అనిపించకపోలేదు. కానీ అడుగున ఉన్నదాన్ని ముట్టుకోగానే వేళ్లు ఆగిపోయాయి. ఎంత మెత్తటి గుడ్డ! ఆవిడే నేర్పింది కదా, గుడ్డను చేత్తో చదవడం! కట్టకుండా మూలన పడి ఉన్న చీరకు రంగేస్తే అత్త సంతోషిస్తుందిలే అని తన ఆశకు తానే సర్దిచెప్పుకుంది.

సాయంత్రం దాకా మణెమ్మ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. కంచం ముందు పెడితే పక్కకు జరిపింది. ఫిలోమినా కాళ్ల దగ్గర కూర్చుని, "అత్తమ్మా, మొదటి జీతంతో ఇంతకంటే మంచి తెల్లచీర తెస్తా. నరసరావుపేటే పోదాం. నువ్వే ఏరుకో..." అని బతిమాలింది. మణెమ్మ గోడకేసి చూస్తూనే ఉంది.

ఇన్నయ్యకు కోపం వచ్చింది. కర్ర పట్టుకుని మంచం మీద నుంచి లేచాడు.

"ఏందమ్మా ఇది! చచ్చినాక కట్టే చీర కోసం బతికున్నదాన్ని ఏడిపిస్తావా? మట్టిలో పడేదానికి ఏ చీరయితే ఏంది?"

"నీకేం తెలుసురా!" మణెమ్మ గొంతు ఒక్కసారిగా పగిలింది. "మీ నాయన పోయేనాటికి నువ్వు పాలు తాగే బిడ్డవి. ఆయన కుర్రాడు... మీసం కూడా సరిగ్గా రాలేదు. ఆయనట్టాగే ఉండిపోయాడు. నేను చూస్తే ముసలిదాన్నయ్యా! జుట్టు నెరిసింది, పన్ను ఊడింది, ఎండలో రాళ్లు మోసి మొహం నల్లబడింది. రేపు ఆ లోకానికి పోయాక ఆయన నన్నెట్టా గుర్తుపడతాడురా? ఈ చీర చూసన్నా గుర్తుపడతాడని... ఆ ఒక్క ఆశతో దాచుకున్నా. కొత్త చీర కట్టుకుపోతే ఎవరో అనుకోడా?"

ఇన్నయ్య మళ్లీ మంచం మీద కూర్చుని తల దించుకున్నాడు. ఫిలోమినా చెంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తింది. ఇన్నేళ్లు ఈ మనిషిని పిసినారి అనుకుంది, గయ్యాళి అనుకుంది. ఆ తెల్లచీర మడతల్లో ఒక కాపురమంతా దాచుకుందని ఎప్పుడైనా ఊహించిందా! తన చేత్తో, పొయ్యి మీద మరిగే రంగులో, తనే ముంచేసింది...

తెల్లవారింది. ఫిలోమినా ఇంట్లో కట్టుకునే పాత చీరతోనే జడ వేసుకుంది. బడి నడిపే సిస్టరు గారిని కలిసి, ఉద్యోగం వద్దని చెప్పి వచ్చేయాలి. అత్త చావుకు దాచుకున్న చీర కట్టుకుని పిల్లలకు పాఠం చెప్పే గుండె తనకు లేదు. వేరే చీర కట్టుకుని వెళ్లినా, ఆ బడి కోసమేగా ఈ పాపం జరిగింది! చెప్పులు తొడుక్కోబోతుంటే పెరటి గుమ్మంలోంచి పిలుపు వినిపించింది.

"ఇట్టా రా."

మణెమ్మ గుమ్మంలో వెలుతురుకు ఎదురుగా కూర్చుని ఉంది. ఒళ్లో నీలం చీర. నరసరావుపేట కొట్లో చూసినట్టే, జానెడు జానెడు వెలుతురుకు పట్టి చూస్తోంది. ఒకచోట వేలు ఆపింది.

"ఈ కుట్లు ఎవరివి?"

"నావే అత్తమ్మా... రంగేసే ముందే మడతల మీద పిగిలి ఉంది. అక్కడక్కడా... అందులో దారమే తీసి అల్లాను."

"ఎన్ని చోట్ల?"

"మడత మడతకీ అత్తమ్మా."

మణెమ్మ ఆ కుట్ల మీద మళ్లీ వేలు నడిపింది. కోడలి పనితనం ఎలాంటిదంటే, వేలికి తగిలితే తప్ప కంటికి కనపడదు.

"కట్టని గుడ్డ మడతల్లోనే చస్తదని ఊరందరికీ చెప్పినదాన్ని... నా చీర కాడికి వచ్చేసరికి నేనే మర్చిపోయానే! ఇంకో నాలుగేళ్లు అట్టాగే ఉంటే నన్ను మట్టిలో పెట్టే రోజుకి చేతికి పేలికలు వచ్చేవి. పేలికలు చూసి గుర్తుపట్టేవాడా ఆయన!"

ఫిలోమినా ఆవిడ మోకాళ్ల మీద తల పెట్టి భోరున ఏడ్చింది. "నాకు అనుమానం వచ్చింది అత్తమ్మా! నువ్వు చెప్పింది పైన చీర అయ్యుండిద్దని అనుకున్నా. అయినా ఇది మెత్తగా ఉందని... ఆశపడి..."

"తెలుసులేవే. మంచి గుడ్డ చేతికి తగిలితే వదలబుద్ధి కాదు. ఆ రోగం నాదేగా నీకు అంటింది!" ముక్కు చీదుకుంటూనే చిన్నగా నవ్వింది మణెమ్మ. "లే. బడికి టైమవుతోంది. ఆ ముసురు మొహం కడుక్కురా."

"వద్దత్తమ్మా... నేను కట్టుకోలేను. నీ చీర ఇది!"

"నా చీరే. నేనే కడుతున్నా నీకు. నోరు మూసుకుని నిలబడు!"

కోడల్ని గుమ్మంలో నిలబెట్టి, కుచ్చిళ్లు తానే పోసింది మణెమ్మ. చీర చుట్టూ తిప్పుతున్నప్పుడు చేతులు ఒకసారి ఆగాయి. పెళ్లినాడు తన అమ్మ తనకు ఇలాగే కట్టింది. మళ్లీ ఆ చేతులు కదిలాయి. పవిట భుజం మీద వేసి, పిన్ను పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. ఇన్నయ్య కర్ర ఊతంతో గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. నెలల తర్వాత అతని మొహంలో వెలుగు కనిపించింది ఫిలోమినాకు.

"చిరిగేదాకా కట్టుకో. పెట్టెలో దాచావంటే మాత్రం ఊరుకోను" అంది మణెమ్మ.

"మరి నువ్వు అత్తమ్మా..." ఫిలోమినా పవిట అంచు వేలికి చుట్టుకుంది. "మామయ్య నిన్నెట్టా...?"

మణెమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. కోడలి గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"ఆయన గుర్తుపట్టకపోతే నేనే కేకేస్తాలేవే! ఆయన మొహం నాకు గుర్తుందిగా... అది చాలు. నువ్వు పో, బడిలో పిల్లలు ఎదురుచూస్తుంటారు."