గూటిలో రెండు పేర్లు

“ఈ గోడకి సిమెంట్ పూసిన మేస్త్రీ ఎవరండీ?”

లూసీ నాతో అన్న మొదటి మాట అది. ఆ శనివారం మా ఇంట్లో ప్రార్థన కూటం. పాటలు అయిపోయాయి, నేను టీ కప్పుల ట్రే పట్టుకుని తిరుగుతున్నాను. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ నా పనితనం మెచ్చుకోవాలని ఎదురుచూసే మనిషిని కాబట్టి ఛాతీ కాస్త విరుచుకున్నాను.

“నేనేనండి. మూడు వారాలు పట్టింది.”

ఆమె వేలి కణుపుతో గోడను రెండు చోట్ల కొట్టింది. చెవి ఆనించి ఇంకోసారి కొట్టింది.

“తీసేయండి” అంది. కప్పు అందుకుని, “టీ బావుంది” అని కూడా అంది.

1982 డిసెంబరు సంగతి ఇది. కాలిఫోర్నియా సన్నీవేల్‌లో నాతో పనిచేసే మన కుర్రాళ్లందరూ స్విమ్మింగ్ పూల్ ఉన్న అపార్ట్‌మెంట్లలో హాయిగా అద్దెకుంటుంటే, రత్నరాజు అనే నేను ఒక్కణ్నే పోయి పోయి ఒక మట్టి ఇల్లు కొన్నాను. స్పెయిన్ నుంచి వచ్చి ఇక్కడి పళ్లతోటల్లో పనిచేసిన ఒకాయన దాన్ని 1924లో తన చేతులతో కట్టుకున్నాడు. రెండడుగుల మందాన పచ్చి ఇటుక గోడలు, పైన ఎర్రటి గూన పెంకులు, కమాను గుమ్మాలు, వెనక వాకిట్లో ఒక నారింజ చెట్టు. పాలకొల్లు వాణ్ని, పెంకుటిల్లు చూసి మనసు పారేసుకోవడానికి వేరే కారణం అక్కర్లేదు.

ఆయన కూతురు, డెబ్భై ఏళ్లావిడ, ఇల్లు అమ్మకానికి పెట్టింది. వచ్చిన వాళ్లందరూ కూల్చి అపార్ట్‌మెంట్లు కడతామన్నవాళ్లే. కూల్చనని మాటిచ్చింది నేనొక్కణ్నే. ఆ మాట మీదే తాళాలు నా చేతిలో పెట్టింది. ఆఫీసులో దీన్ని రత్నరాజు పిచ్చి అని పిలిచేవారు, నేను పట్టించుకోలేదు.

లూసీ మా చర్చి సంఘంలోని జయంతక్కకి పిన్ని కూతురు. శాన్‌హోసేలో మట్టి పరీక్షలు చేసే ఒక లాబ్‌లో ఇంజినీరుగా చేరి అప్పటికి నెల. వాళ్ల నాన్న నర్సాపురంలో సున్నం మేస్త్రీ, పాత మిషన్ బంగళాల గోడలన్నీ ఆయన చేతి మీదే నిలబడ్డాయని జయంతక్క చెప్పింది. ఈ సంగతి టీ ఇచ్చాక కాకుండా ముందే చెప్పుంటే నా ఛాతీ ఉండాల్సిన చోట ఉండేది.

మట్టి గోడ తడిని పీలుస్తుంది, మళ్లీ బయటికి వదులుతుంది, సిమెంట్ పూస్తే ఆ దారి మూసుకుపోతుంది, నీళ్లు లోపలే నిలిచి గోడ పొట్ట పొంగుతుంది అని ఆమె ఓపిగ్గానే వివరించింది. మనం ఎలక్ట్రికల్‌లో ఎమ్మెస్. ఒక నవ్వు నవ్వి, చూద్దాంలెండి అన్నాను. చూద్దాం అని ఆమె కూడా అని, ఇంకో బిస్కెట్ తీసుకుంది.

ఆ శీతాకాలం కాలిఫోర్నియాలో వాన మొదలుపెట్టి, ఆపడం మర్చిపోయింది.

జనవరి చివర ఒక పొద్దున హాల్లో దభీమని చప్పుడైంది. వచ్చి చూస్తే తలుపంత సిమెంట్ పెచ్చు, వెనక ఉన్న మట్టితో సహా, నా కొత్త సోఫా మీద కూర్చుని ఉంది. మర్నాడు సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మార్చి నెలాఖరులోపు గోడ గట్టిపడాలి, లేకపోతే కూల్చేయాలి అని కాగితం ఇచ్చి వెళ్లాడు. పైకప్పు బరువంతా ఆ గోడ మీదే, కాబట్టి గోడ పోతే ఇల్లు పోయినట్టే. నేనిచ్చిన మాట కూడా దాంతోపాటే పోతుంది.

సిగ్గు చంపుకుని జయంతక్క ఇంటికి ఫోన్ చేసి లూసీని పిలవమన్నాను. “నేను చెప్పలేదా” అంటుందని పళ్లు బిగబట్టి ఉన్నాను.

“మీకు రబ్బరు బూట్లున్నాయా?” అంది. అంతే అడిగింది.

ఆ రోజే కాదు, తర్వాత కూడా ఎప్పుడూ ఆ మాట అనలేదు. నేనైతే వారానికి రెండుసార్లు అనుండేవాణ్ని. ఆమె మీద నాకు గౌరవం మొదలైంది సరిగ్గా అక్కడే. మిగతావన్నీ దాని వెనకాలే వచ్చాయి.

ప్రతి శనివారం పొద్దున్నే వచ్చేది. జడ చుట్టి రుమాలు కట్టుకుని, వాళ్ల నాన్న తాపీ చేతిలో పట్టుకుని. ఆ తాపీని అమెరికాకి చీరల మధ్య పెట్టి తెచ్చుకుందట. నా మూడు వారాల సిమెంట్‌ని గీకి తీయడానికి ఇద్దరికీ నాలుగు శనివారాలు పట్టింది. నేను ఉలితో యుద్ధం చేస్తుంటే ఆమె గోడకి నొప్పి తెలియనట్టు తీసేది. రెండు డ్రమ్ముల్లో సున్నం నానబెట్టించింది. ఇండియన్ షాపుకి వెళ్లి బెల్లం పట్టుకొచ్చి నీళ్లలో కరిగించి అందులో కలిపింది. పాళ్లు ఎంతో వాళ్ల నాన్న నర్సాపురం నుంచి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం మా ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉండేది. వాసనకి పక్కింటి అమెరికన్ వచ్చి, సారా కాస్తున్నారా అని ఆశగా అడిగాడు.

పడిపోయిన చోట పెట్టడానికి పచ్చి ఇటుకలు కావాలి. మోర్గన్ హిల్ దగ్గర ఒక మెక్సికన్ పెద్దాయన ఇంకా పోస్తున్నాడని తెలిసి నా పాత డాట్సన్ కారులో వెళ్లాం. ఆయనకి స్పానిష్ తప్ప రాదు. లూసీ ఒక ఇటుక తీసి, చివర గిల్లి, నలిపి, వాసన చూసి, “గడ్డి సరిపోయింది, ఇసుక కొంచెం ఎక్కువైంది తాతగారూ” అని శుభ్రంగా తెలుగులో చెప్పింది. ఆయన తల ఊపి, వెనక షెడ్‌లో వేరే దొంతర దగ్గరికి తీసుకెళ్లాడు. వాళ్లిద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. రెండు భాషలూ ఎంతోకొంత వచ్చిన నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. దుమ్ము పట్టిన ఆ ముఖం వైపు చూస్తూ, ఈ అమ్మాయి లేకుండా నేను బతకలేను అని డాట్సన్‌కి ఆనుకుని అనుకున్నాను.

అనుకున్నాను గానీ చెప్పలేదు. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా ఆమె చేతికి బకెట్ ఇచ్చేది.

మార్చి మొదటి వారంలో కిటికీ పక్క పెచ్చు తీస్తుంటే లోపల డొల్లగా మోగింది. ఎవరో ఎప్పుడో ఇటుక ముక్కలతో మూసేసిన గూడు. ముక్కలు తీసి లూసీ తడిగుడ్డతో తుడిచింది. లోపల సున్నం మీద రెండు పేర్లు గీసి ఉన్నాయి. మాన్యుయేల్, రొసారియో, కింద 1924. కట్టినాయనా, ఆయన భార్యా.

“ఎవరి పేరు వాళ్లే రాసుకున్నారు, చూశారా? రెండు చేతిరాతలు” అంది లూసీ. చాలాసేపు ఆ గూటి ముందే నిలబడింది. నేను గూటినీ ఆమెనీ మార్చి మార్చి చూశాను.

ఆ సాయంత్రమే చెప్పింది, లాబ్‌లో ప్రాజెక్ట్ అయిపోతోందనీ, ఉత్తరాన వేరే రాష్ట్రంలో ఉన్న బాతెల్‌లో ఒక కంపెనీ ఏడాది ఉద్యోగానికి పిలిచిందనీ, ఈస్టర్ వెళ్లిన గురువారం ఫ్లైట్ అనీ. కంగ్రాచ్యులేషన్స్ అన్నాను. ఇంకేమంటానో అని ఆమె ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. నేను తాపీ కడగడానికి వెళ్లిపోయాను.

మార్చి ఇరవై ఐదున ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. గోడని అరచేత్తో నిమిరాడు, గుండు దారం వేలాడదీసి నిటారుగా ఉందో లేదో చూశాడు, మీ కాంట్రాక్టర్ ఎవరు అన్నాడు. నేను లూసీని చూపించాను. ఆయన టోపీ తీసి సంతకం పెట్టి, పైకప్పు పెంకులు కూడా ఓసారి దింపి సర్దించుకోమన్నాడు. గోడ నిలిచింది. పొద్దుటి ఎండలో అది గుడ్డు పెంకులా మెత్తని తెలుపులో ఉంది. నా జీవితంలో అంత అందమైన గోడ నేను చూడలేదు.

ఇక్కడే నేను తప్పు చేశాను.

మన సంఘాల్లో మేలు జరిగితే కృతజ్ఞత కానుక కవరులో పెట్టి, పైన పేరూ కారణమూ రాసి ఇస్తారు. పాస్టర్ అయ్యగారు దాన్ని చదివి ప్రార్థన చేస్తారు. రెండు పేర్లు కలిపి రాసేది భార్యాభర్తలే అని నాకు తెలియనిది కాదు. కానీ ఆ ఆదివారం పొద్దున నా బుర్రలో ఆ గూడు తప్ప ఏమీ లేదు. సగానికి పైగా పని ఆమెదైతే నా పేరొక్కటే రాయడం దొంగతనం అనిపించింది. కవరు మీద ఇద్దరి పేర్లూ రాసేశాను.

ఆ వేళ ఈస్టర్‌కి ముందొచ్చే మట్టల ఆదివారం, సంఘం కూడే హాలు నిండిపోయింది. రిటైరై కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉందామని వచ్చిన సత్యానందం అయ్యగారు ఆరాధన నడిపిస్తున్నారు. ఆయనకి మేమెవరమో తెలియదు. కళ్లజోడు సవరించుకుని, నిండు గొంతుతో చదివారు.

“రత్నరాజు, లూసీ. ఇంటి గోడ నిలబడినందుకు కృతజ్ఞతలు.” తర్వాత చేతులెత్తారు. “ప్రభువా, ఈ దంపతులను, వీరి గృహాన్ని దీవించు.”

ఆమెన్ అని హాలంతా అంది. అలవాటు కొద్దీ నేను కూడా అన్నాను.

అన్నాక ఆడవాళ్ల వైపు చూశాను. అందరూ పట్టుకున్న తాటాకు మట్టల మధ్య లూసీ ముఖం కందిపోయి ఉంది.

పార్కింగ్ లాట్‌లో పట్టుకుంది నన్ను. గొంతు పెంచలేదు.

“నా పేరు రాసేముందు నన్నొకసారి అడగాలనిపించలేదా మీకు?”

“సగం పని మీరే చేశారు కదండీ, అందుకని రాశాను.”

“అంతేనా?”

“అంతేనండి” అన్నాను. భయమేస్తే నా నోటికొచ్చే మాట అదే.

“ఆ గూట్లో ఎవరి పేరు వాళ్లు రాసుకున్నారు. మీరు రెండూ మీరే రాసేశారు. పైగా అంతేనంట.” కళ్లలో నీళ్లు తిరుగుతుంటే తల తిప్పుకుంది. “గోడని అడక్కుండా సిమెంట్ పూసిన మనిషేగా మీరు.”

వెళ్లి జయంతక్క కారెక్కింది.

ఆ వారమంతా ఆఫీసులో నేను చేసిన పని సున్నా. బుధవారం జయంతక్క ఫోన్ చేసి తిట్టింది. పేరు రాసినందుకు కాదట, అంతే అన్నందుకట. అది మూడు రాత్రుల నుంచి ఏడుస్తోంది, నీకు చదువెవరు చెప్పారురా అంది. సిగ్గుతో నేల మీదే చూపు పెట్టుకుని విన్నాను.

శనివారం జయంతక్క ఇంటికి వెళ్లాను. సన్నగా వాన. లూసీ కారు నిలిపే షెడ్డు కింద పుస్తకాల పెట్టెలకి టేపు వేస్తోంది. గొడుగు మర్చిపోయి పూర్తిగా తడిసిన నన్ను చూసి టేపు ఆపింది.

“అంతే అని అబద్ధం చెప్పానండి” అన్నాను. “మోర్గన్ హిల్‌లో మీరు ఇటుక వాసన చూసినప్పటి నుంచి మీరంటే నాకు ప్రేమ. చెప్పడానికి ధైర్యం లేక గోడ మీదికి తోసేశాను. మీ పేరు మీరు రాసుకోవాల్సింది. అడక్కుండా రాసినందుకు క్షమించండి. ఇప్పుడు అడుగుతున్నాను.”

ఆమె పెట్టె మీద టేపు అంచు అదిమింది. బాతెల్ ఉద్యోగం మానుకోలేనని నెమ్మదిగా చెప్పింది. చిన్నప్పటి నుంచి నాన్న చెయ్యి చూసి నేర్చుకున్నదంతా తన సొంత పేరు మీద చేసే మొదటి అవకాశం అదేనంది.

“మానుకోమని అడగడానికి రాలేదండి. వెళ్లండి. ఏడాదైనా, రెండేళ్లయినా నేను ఆ ఇంట్లోనే ఉంటాను.”

ఆమె లోపలికెళ్లి ఒక తువ్వాలు తెచ్చి నా చేతిలో పెట్టి, జలుబు చేస్తుంది ఇంటికెళ్లండి అంది. దాన్ని అవుననుకోవాలో కాదనుకోవాలో తెలియక తువ్వాలుతో సహా ఇంటికొచ్చేశాను.

మర్నాడు ఈస్టర్. హాలు మెట్ల దగ్గర లూసీ తెల్ల చీరలో నిలబడి ఉంది. నన్ను చూసి పక్కకి వచ్చి, బ్యాగ్‌లోంచి ఒక కవరు, ఒక పెన్ను తీసి ఇచ్చింది. కవరు మీద గుండ్రటి అక్షరాలతో ‘లూసీ’ అని ఉంది. పక్కన ఒక పేరు పట్టేంత ఖాళీ వదిలి, కింద ‘పైకప్పు పని కోసం’ అని రాసింది.

“మీ పేరు మీరు రాయండి” అంది.

కవరు మోకాలి మీద పెట్టి రాశాను. నా పేరు వంకరగా వచ్చింది. తుడవడానికి అది సున్నం కాదు కాబట్టి అలాగే ఉంచాను.

సత్యానందం అయ్యగారు ఆ కవరు చదవబోయి ఆగారు. ఆ వారంలో ఎవరో ఆయనకి సంగతి చెప్పినట్టున్నారు. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, ఆడవాళ్ల వైపు చూశారు.

“అమ్మా లూసీ, ఈసారి నేను తొందరపడటం లేదు కదా?”

లూసీ లేచి నిలబడింది. హాలంతా తిరిగి చూస్తున్నా తడబడలేదు.

“లేదండి అయ్యగారూ. ఈసారి ఇద్దరం రాశాం.”

ఆయన దీవించాక నేను ఆమెన్ అన్నది ఈసారి అలవాటు కొద్దీ కాదు. జయంతక్క రెండుసార్లు అంది.

గురువారం ఎయిర్‌పోర్ట్‌కి నేనే డ్రైవ్ చేశాను. గేటు దగ్గర లూసీ బ్యాగ్ తెరిచి, గుడ్డలో చుట్టిన వాళ్ల నాన్న తాపీ తీసి నా చేతిలో పెట్టింది. అది లేకుండా ఆమె ఎక్కడికీ వెళ్లదని నాకు తెలుసు.

“ఏడాదిలో వస్తాను, పెంకులు నేనే దింపుతాను” అంది. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, మొదటిసారి నన్ను నువ్వు అంది.

“అప్పటిదాకా నువ్వు సిమెంట్ ముట్టుకోకు.”