వాకిళ్ళన్నీ దక్షిణానికే

"మీకు బుద్ధి ఉండాదా? పసిబిడ్డలకు ఇచ్చే చెక్కలా ఇవి?"

అంగన్‌వాడీ టీచర్ వర్షిణి, గిరీశ్‌తో అన్న మొట్టమొదటి మాట అది. అంతటితో ఆగిందా? ఒక చెక్కముక్క తీసి అతని బొటనవేలికే రుద్దింది. పేడు గుచ్చుకుని గిరీశ్ అదిరిపడ్డాడు. పాపం, సోలార్ పార్కులో ప్యానెళ్ళు బిగించే అతను, పిల్లలు ఆడుకుంటారని ప్యాకింగ్ చెక్కలు కోసి సంచినిండా తెచ్చాడు.

మర్నాడు ప్రతి ముక్కా నున్నగా రుద్ది తెచ్చేసరికి, నోరు తెరుచుకుని చూడడం ఆమె వంతయింది.

అప్పటినుంచి లంచ్ టైమంతా అతను అక్కడే. పిల్లలు చెక్కలతో ఇళ్ళు కట్టేవాళ్ళు, పడగొట్టేవాళ్ళు, కొట్టుకుని మళ్ళీ కలిసి కట్టేవాళ్ళు.

"కింద పెద్దది పెట్టల్లన్నా, లేకుంటే పడిపోతాది" అంది నాలుగేళ్ళ ధనుశ్రీ ఒకరోజు.

"మీరు నేర్పించినారా మిస్?"

"నేనేం నేర్పలేదప్పా. పడగొట్టుకోని వాళ్ళే నేర్చుకున్నారు."

ఇంతలో గిరీశ్‌ని కర్ణాటకలోని గదగ్ సైటుకి వేశారు. సోమవారమే ప్రయాణం. ఈరోజు మనసులో మాట చెప్పకపోతే వర్షిణి ఇక దక్కదని, శనివారం ధైర్యం కూడగట్టుకుని వచ్చాడు. చూస్తే లోపల వర్షిణి అమ్మ సంజీవమ్మ!

ఆమె అతన్ని చూడనే లేదు. పిల్లలు నేలమీద కట్టి, కప్పులమీద ప్యానెళ్ళంటూ రేకుముక్కలు పెట్టిన ఊరిని చూస్తోంది.

"అయ్యయ్యో! వాకిళ్ళన్నీ దక్షిణానికా! ఎవురు నేర్పింది?"

"సోలార్ అన్న!" పిల్లలందరూ ఒక్కటే అరుపు.

"నేను చెప్పింది ప్యానెళ్ళకమ్మా! దక్షిణానికి పెడితే ఎండ బాగా పడతాదని... ఇండ్లకు కాదు!"

"ఏందప్పా ఇది! దక్షిణానికి వాకిలి పెట్టేవానికి నా బిడ్డనెట్ల ఇచ్చేది?"

పిల్లలకు అన్నం వడ్డిస్తున్న వర్షిణి చేతిలో గరిటె కిందపడింది. పిల్లను అడిగిందెవరు?

"అమ్మా! నీకెవురు చెప్పినారు?"

"ఒకరు చెప్పల్లనా? దినామూ అన్నం ముందర కూసోని గిరీశ్ అట్ల, గిరీశ్ ఇట్ల అంటాంటివే!"

గిరీశ్ వర్షిణి వైపు తిరిగాడు. "నిజమా మిస్? నేను సోమవారం గదగ్‌కు పోతాండా. మిమ్మల్ని చేసుకుంటానని అడిగేకే వచ్చినా."

"ఇంత లేటుగానా!" అంది వర్షిణి, కళ్ళనిండా నీళ్ళతో. "నువ్వు అడగవేమోనని నేను ఏడవని రోజు లేదు."

వీళ్ళ గోల పట్టని ధనుశ్రీ ఒక ఇంటి వాకిలిని తూర్పుకి తిప్పేసింది. పైనున్న ప్యానెల్ రేకుని మాత్రం దక్షిణానికే ఉంచింది.

"ఇప్పుడు సరిపోయిందా అవ్వా?"

సంజీవమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది. ఆ ఇంటిని చూసి, గిరీశ్ వైపు తిరిగింది.

"సోమవారం బండెక్కేది ఆమేలప్పా. ముందు రేపు మీ అమ్మను తోడుకోని రా."