సద్ది వేళకు ఆగే ట్రాక్టర్

ఆ ఆదివారం పటేల్‌గూడలోని మా ఇంట్లో కంప్యూటర్ గురించి గొడవ మొదలైంది. పాత విండోస్‌కి అప్‌డేట్లు ఆగిపోయాయి. కొత్తది ఎక్కించుకునే సత్తా ఆ డబ్బాకి లేదు. దాని బదులు ఉచితంగా దొరికే లినక్స్ పెడదామన్న దాకా తమ్ముడు సందీప్‌కీ నాకూ మాట కుదిరింది, ఏ లినక్స్ అన్న దగ్గర చెడింది. వాడికి ఉబుంటు కావాలి. నాకు మింట్ చాలు, తేలిగ్గా నడుస్తుంది. ఆటల్లోనూ అంతే, వాడికి కార్ల పందేలు, నాకు తుపాకులు. పెద్దదాన్ని కాబట్టి నా మాటే నెగ్గింది. నాకు నెగ్గడం అలవాటు.

"ఏదన్న పెట్టుకోండ్రి," అంది అమ్మ వంటింట్లోంచి. "మీ నాయిన పొలం మాత్రం పోవద్దు."

నాయిన పొలం అంటే ఆట. మా నాలుగెకరాలు ప్లాట్లకు పోయాక నాయిన పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ నడిపాడు. డ్యూటీ దిగి రాగానే వ్యవసాయం ఆట పెట్టుకునేవాడు. సందీప్ అందులో మా పొలాన్నే గీసి ఇచ్చాడు. అదే గట్టు, అదే బోరు, మూలకు అదే వేపచెట్టు. నాయిన పోయి ఆరు నెలలైంది. మా నేల ఇప్పుడు ఆ ఒక్క ఫైల్లోనే ఉంది.

ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, మింట్ ఎక్కించి, మళ్ళీ లోపల పెట్టాను. ఆట తెరుచుకుంది. దున్నని నేల, వేపచెట్టు కింద ట్రాక్టర్. పెన్‌డ్రైవ్‌ని బీరువాలో పడేశాను.

మర్నాటి నుంచి నేను డ్యూటీకి పోయేముందు ఆట తెరిచి పెట్టమనేది అమ్మ. పన్నెండింటికి సద్ది గిన్నె తెచ్చి దాని ముందు పెట్టేది. ముప్పై ఏళ్ళు పొలానికి సద్ది మోసిన మనిషి కదా, అలవాటు పోలేదులే అనుకున్నాను. జాలేసింది కూడా.

వారం తర్వాత చూస్తే సగం చేను దున్ని ఉంది. అమ్మకి మౌస్ పట్టడం రాదు. సందీప్‌ని నిలదీస్తే, తాను ముట్టుకోలేదని ఒట్టేశాడు.

శనివారం సెలవు పెట్టి దాని ముందే కూర్చున్నాను. ట్రాక్టర్ దానంతటదే సాళ్ళు తిరుగుతోంది. పన్నెండు కాగానే వేపచెట్టు కిందికి వచ్చి ఆగింది. ఇంజిన్ చప్పుడు ఆగిపోయింది. బయట ఎండ మాడ్చేస్తోంది, గదిలో మాత్రం తడిసిన నల్లరేగడి వాసన... అమ్మ గిన్నె పెట్టి మూత తీసింది. నేను మంచినీళ్ళు తాగి వచ్చేసరికి గిన్నె ఖాళీ.

"నువ్వు తిన్నవా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది. ఆమె పాదాలకు చీలమండల దాకా బురద.

"మెల్లగ మాట్లాడు బిడ్డా," అంది గుసగుసగా. "రేపటి సంది సద్ది ఆడికే తెమ్మన్నడు. ఈడి దాకా నడుసుడు ఆయనకు చాతనైతలేదట."

నాకు భయమేసింది. అంతకు మించి కోపం వచ్చింది. నాయిన పోయాడు, సరే. అమ్మని ఇచ్చేది లేదు.

మర్నాడు సందీప్ బయటికి పోయాడు. పన్నెండు దాటింది. లోపలి గదిలోకి తొంగి చూస్తే మంచం మీద దుప్పటి ఎత్తుగా కనిపించింది. అమ్మ పడుకుందనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూడలేదు.

నిన్నటి నుంచి ఆపని ఆటలో ట్రాక్టర్ చెట్టు కింద ఆగి ఉంది. తెర వైపు సరిగ్గా చూడకుండానే కంప్యూటర్ ఆపేసి, సందీప్ దాచుకున్న ఉబుంటు పెన్‌డ్రైవ్ గుచ్చాను. పాతదాని పక్కన పెట్టాలా, డిస్కు మొత్తం చెరిపేయాలా అని అడిగింది. చెరిపేయమని నొక్కాను.

గీత మెల్లగా నిండుతోంది. ఇరవై... ముప్పై...

"అంకితా..."

"వస్తున్న, ఆగమ్మా."

"బిడ్డా... ఇంటికొచ్చే తొవ్వ కనవడ్తలేదు..."

గొంతు చాలా సన్నగా ఉంది. లోపలి గదిలోంచి కాదు.

స్పీకర్లలోంచి.

లేచి పరిగెత్తాను. దుప్పటి లాగాను. కింద రెండు దిండ్లు... తిరిగి వచ్చేసరికి గీత నిండిపోయింది. కొత్త తెర నీలంగా, శుభ్రంగా వెలుగుతోంది. బల్ల కింద అమ్మ చెప్పులు జతగా విడిచి ఉన్నాయి. సద్ది గిన్నె లేదు.

పోలీసులు గల్లీ కెమెరా చూశారు. ఆ రోజు మా ఇంట్లోంచి సందీప్ తప్ప ఎవరూ బయటికి పోలేదు. జరిగింది వాడికి చెప్పాను. నమ్మాడో లేదో తెలీదు, నాతో మాట్లాడటం మానేశాడు. మాట్లాడకపోవడమే న్యాయం. ఒక్కసారి ఆ దుప్పటి ఎత్తి చూసి ఉంటే...

నిన్న బీరువాలో ఆ మొదటి పెన్‌డ్రైవ్ దొరికింది. అందులో ఉన్నది అమ్మ ఒక్క సద్దీ పెట్టకముందు తీసిన కాపీ. ఆ రోజు నుంచి దాన్ని ఎవరూ ముట్టలేదు. ఆటని మళ్ళీ ఎక్కించి దాన్ని తెరిచాను.

దున్నని నేల. ట్రాక్టర్ లేదు, నాయిన లేడు. వేపచెట్టు కింద సద్ది గిన్నె ఉంది, మూత తీయకుండా. ఆ ఆటలో గిన్నెలు ఉండవు. చెట్టు నుంచి గట్టు దాకా, గట్టు నుంచి మళ్ళీ చెట్టు దాకా, ఒక్క మనిషివే వట్టి పాదాల గుర్తులు.

నేను చూస్తుండగానే వాటికి ఇంకొకటి చేరింది.