వేదాద్రి వెళ్ళిన విడిది

"మేం పెళ్ళికొచ్చిన మనుషులమండీ. సిమెంటు బస్తాలం కాదు."

మా నవీన్‌బాబు ఆ పిల్లతో మాట్లాడిన మొట్టమొదటి మాట ఇది. ఆ పిల్ల అప్పుడు ఒక లారీ క్యాబిన్ మీద నిలబడి, నోట్లో పురికొస కరుచుకుని మామిడాకుల తోరణం కడుతోంది. పురికొస తీసి, తాపీగా కిందకి చూసింది.

"బస్తాలైతే పరుపులెందుకు వేస్తామండీ? టార్పాలిన్ కప్పి తాడు బిగించేవాళ్ళం."

నేను పక్కనే ఉన్నా. మావాడు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్న చప్పుడు నాకు వినపడింది. ఈ రత్తయ్య చెప్పేదాంట్లో సగం తీసేసి వినమని మా ఇంట్లోవాళ్ళు కొత్తవాళ్ళకి ముందే చెప్పేస్తుంటారు. ఈ కథలో మాత్రం ఏదీ తీసెయ్యక్కర్లేదు.

అది రెండువేల నాలుగు ఎండాకాలం. మా అన్న కూతురు జయమణి కొడుకు భవానీప్రసాద్ పెళ్ళి. మాది జగ్గయ్యపేట. పెళ్ళికూతురుది నందిగామ. తండ్రి వెంకటరత్నం అక్కడ లారీల ఓనరు. మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. మగపెళ్ళివారి బస్సు వచ్చేలోపే ఒక కుర్రాడూ ఒక పెద్దమనిషీ ముందుగా వెళ్ళి విడిది చూసుకోవాలి. వాళ్ళు బాగుందంటేనే ఆడవాళ్ళు బస్సు దిగి కాలు కింద పెడతారు. ఆ ఏడు కుర్రాడు నవీన్‌బాబు, జయమణి చెల్లెలి కొడుకు. పేటలో నెట్ సెంటర్ నడుపుతున్నాడు. పెద్దమనిషిని నేను.

విడిది అంటే ఏ స్కూలో, ఏ సత్రమో అనుకుని వెళ్ళాం. చూస్తే లారీల షెడ్డు. వరసగా లారీలు.

ఆ పిల్ల కిందకి దిగి సంగతి చెప్పింది. పేరు కృష్ణప్రియ, పెళ్ళికూతురి చెల్లెలు, డిగ్రీ ఫైనలియర్. మాట్లాడుకున్న స్కూల్లో ఎలక్షన్ పెట్టెలు పెట్టి తాళం వేశారట. అసలే మంచి ముహూర్తాల రోజులు, ఊళ్ళో సత్రాలూ లాడ్జీలూ ఎప్పుడో నిండిపోయాయి. వాళ్ళ నాన్న తల పట్టుకు కూర్చుంటే, మాట రాకుండా నేను చూసుకుంటా నాన్నా అని ఈ పిల్ల ముందుకొచ్చింది.

"మా మేనత్త పెళ్ళిలో విడిది బాగాలేదని మగపెళ్ళివారు అన్నం ముట్టలేదంట," అంది. ఇప్పుడు గొంతులో ఆ వెటకారం లేదు. "ఆ మాట మా నాన్న ఇప్పటికీ పడుతున్నాడండీ. ఇది కూడా చెడితే మళ్ళీ ఎవరి పెళ్ళికీ తలెత్తుకుని వెళ్ళడు. ముందు లోపల చూడండి. చూసి, ఏమని చెప్తారో మీవాళ్ళకి మీరే చెప్పండి."

చూశాం. చెప్పకపోతే పాపం, ఏ లారీ చూసినా పెళ్ళికూతురిలాగే ఉంది. షెడ్డు మీద తాటాకుల పందిరి. ప్రతి లారీకీ ఎక్కడానికి చెక్కమెట్లు. లోపల నవారు మంచాలు, తెల్లటి దుప్పట్లు, టేబుల్ ఫాను, కొత్త కూజా, గోడకి అద్దం, అద్దం కింద దువ్వెనా పౌడరు డబ్బా. వెనక తలుపు బదులు వట్టివేళ్ళ తెర కట్టి నీళ్ళు చల్లారు. బయట కోడిగుడ్డు పెడితే ఉడికే ఎండ. లోపల మాత్రం కృష్ణ ఒడ్డున కూర్చున్నట్టుంది. చివరి లారీ అప్పుడే బాడీ కట్టించుకొచ్చిన కొత్త బండి, ఇంకా రంగు వాసన పోలేదు. పెద్దవాళ్ళ కోసమని దానికి అరటిపిలకలు, బంతిపూల దండలు, పసుపు బొట్లు. నా వయసులో నేను చాలా పెళ్ళిళ్ళు తిన్నా. ఇట్లాంటి విడిది చూళ్ళేదు.

నవీనుగాడు అద్దం ముందు ఆగి తల దువ్వుకున్నాడు. దువ్వెన నచ్చి కాదు. అద్దంలోంచి వెనక నిలబడ్డ పిల్ల కనపడుతోంది.

"ఏమని చెప్తారు మీవాళ్ళకి?" అంది కృష్ణప్రియ.

"వచ్చెయ్యమని చెప్తా," అన్నాడు వాడు.

చెప్పడం తేలికే. బస్సు వచ్చాక జయమణి మెట్టు మీదే ఆగిపోయింది. లారీల్లో పడుకోడానికి మేమేమన్నా మిరపకాయ బస్తాలమా అని అడిగింది. వెనక ఆడవాళ్ళందరూ అదే మాట అందుకున్నారు. వెంకటరత్నం చేతులు జోడించుకుని నిలబడ్డాడు. ఆ జోడించిన చేతులు ఆ పిల్ల చూసింది. ఆ పిల్ల మొహం మావాడు చూశాడు.

అంతే, వాడికి వాగ్ధాటి వచ్చేసింది. పెద్దమ్మా, ప్రపంచంలో డబ్బున్నవాళ్ళు ఎక్కడ దిగుతున్నారో తెలుసా అని మొదలెట్టాడు. చలిదేశాల్లో మంచుగడ్డలతో హోటలు కడతారంట, మంచం కూడా మంచుదే, ఎండాకాలం వస్తే కరిగి ఏట్లో కలుస్తుంది, మళ్ళీ ఏడు మళ్ళీ కడతారు. టర్కీలో కొండల్ని తొలిచి గదులు చేశారు. జపానులో బీరువా సొరుగంత గదులు, మనిషి లోపలికి పాక్కుంటూ వెళ్ళాలి. ఒకచోట సముద్రం అడుగున గది, కిటికీలోంచి చేపలు తొంగి చూస్తాయి. అన్నిటి ఫొటోలూ తన నెట్ సెంటర్లో ఉన్నాయన్నాడు.

నేను ఊరుకుంటానా? ఆ మంచు హోటల్లో ఒకాయన గట్టిగా తుమ్మితే పక్కగదిలోకి కిటికీ పడిందనీ, ఆ సముద్రంలో చేపలు మనుషుల్ని చూడ్డానికి లైన్లో నిలబడతాయనీ చెప్పా. నువ్వు చూశావా చిన్నాన్నా అంది జయమణి. చేప చెప్పిందన్నా.

జయమణి నవ్వాపుకుంది. "వాళ్ళు కాఫీ ఇస్తారా?" అంది.

అప్పటికే కృష్ణప్రియ కాఫీ ట్రేతో కింద నిలబడి ఉంది. జయమణి గ్లాసు అందుకోడానికి దిగింది. దిగాక మళ్ళీ ఎక్కలేదు. కాసేపటికి ఏ లారీ ఎవరిదన్న దాని మీద ఆడవాళ్ళలో పోటీ మొదలైంది. కొత్త లారీ జయమణికీ నాకూ వచ్చింది.

భోజనాలయ్యాయి. ముహూర్తం రాత్రికి. వట్టివేళ్ళ తెర దించుకుని ఇద్దరం చెరో మంచం మీద వాలాం. అట్లా నిద్దరపోయా.

మెలకువ వచ్చేసరికి మంచం ఊగుతోంది. పెద్ద వయసు కదా, కళ్ళు తిరుగుతున్నాయేమో అనుకున్నా. తీరా చూస్తే లారీ పరిగెడుతోంది. ఫాను వైరు ఊడి వెనక తోకలా వస్తోంది. తెర తీసి చూస్తే హైవే. వచ్చిన దారినే పోతున్నాం.

జయమణి లేచి కూర్చుంది. దాని మొహం తెల్లబోయింది. "చిన్నాన్నా, మనల్ని ఇంటికి పంపేస్తున్నారా?" అంది. పెళ్ళి తప్పిపోయిందనుకుంది పిచ్చిది. నేను క్యాబిన్ గోడ మీద బాదా. రేడియో మోతలో ఎవరికి వినపడుతుంది?

లారీ పేటదాకా పోలేదు. చిల్లకల్లు దగ్గర ఎడమకి తిరిగింది. ఆ దారి నాకు తెలుసు. కాసేపటికి కృష్ణ మెరిసింది, వేదాద్రి నరసింహస్వామి గుడి ముందు లారీ ఆగింది. డ్రైవరు ప్రేమానందం నిమ్మకాయలూ కొబ్బరికాయా పట్టుకుని వెనక్కొచ్చి తెర ఎత్తాడు. మంచం మీద నన్ను చూసి కొబ్బరికాయ వదిలేశాడు. అది వాడి కాలి మీదే పడింది.

వాడి తప్పేం లేదు. కొత్త లారీ వస్తే అలంకరించి వేదాద్రి తీసుకెళ్ళి పూజ చేయించాకే లోడెక్కించడం వెంకటరత్నం ఇంట్లో పద్ధతి. లీవులోంచి ఆ మధ్యాహ్నమే దిగాడు ప్రేమానందం. అరటిపిలకలు, బంతిపూలు, పసుపు బొట్లు చూశాడు. పూజకి సిద్ధం చేశారనుకుని, జేబులో ఉన్న తాళంతో బండి తీశాడు. పెళ్ళికి లారీని అలంకరిస్తారని వాడు మాత్రం ఎట్లా అనుకుంటాడు?

నాకు ఆ పిల్ల గుర్తొచ్చింది, జోడించిన వాళ్ళ నాన్న చేతులు గుర్తొచ్చాయి. వెంటనే అందుకున్నా.

"జయా, ఇది వాళ్ళ ఏర్పాటే. నీకు చెప్పకుండా తీసుకురమ్మన్నారు. మంచు హోటలు కరుగుతుందిగానీ కదుల్తుందా? ఇది కదిలే విడిది."

జయమణి నన్నొక చూపు చూసింది. గుడివైపు చూసి చేతులు జోడించింది. కొడుక్కి సంబంధం కుదిరితే పెళ్ళికి ముందే వచ్చి ప్రదక్షిణాలు చేస్తానని ఆ స్వామికి ఎప్పుడో మొక్కుకుంది. పక్కనున్న దేవుడే కదా, రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూ పెళ్ళి రోజు దాకా తెచ్చుకుంది. ఇప్పుడు కృష్ణలో కాళ్ళు కడుక్కుని గుడిచుట్టూ తిరగడం మొదలెట్టింది.

ఆ తిరగడం అయ్యేసరికి మోటర్‌సైకిలొకటి దుమ్ము రేపుకుంటూ వచ్చింది. నవీన్‌బాబు నడుపుతున్నాడు, వెనక కృష్ణప్రియ. లారీ లేదని తెలిసి వెంకటరత్నం కూలబడిపోయాడట. హైవే మీద పాన్ డబ్బావాడు అలంకరించిన లారీ పేటవైపు పోయిందని చెబితే, వేదాద్రికే అయ్యుంటుంది, నడపండి అని ఈ పిల్ల బండెక్కి కూర్చుందట. దారంతా ఇంకొంచెం ఫాస్టుగా, ఇంకొంచెం ఫాస్టుగా అందట. ఎక్సలేటర్ ఇంకా చాలా ఉందనీ తను తిప్పలేదనీ తర్వాతెప్పుడో నాతో ఒప్పుకున్నాడు వెధవ.

జయమణి గుడిమెట్ల మీద కూర్చుంది. "ఏమ్మా, ఈ ఏర్పాటు నీదేనటగా?" అని అడిగింది.

నేను వెనకనుంచి అవునను అవునను అని కళ్ళతో సైగలు చేస్తున్నా. ఒక్క మాటతో అంతా సర్దుకుంటుంది.

"కాదండీ అత్తయ్యగారూ," అంది కృష్ణప్రియ. "పొరపాటు జరిగింది. ప్రేమానందానికి నేను చెప్పి ఉండాల్సింది, ఆ హడావిడిలో మర్చిపోయా. మమ్మల్ని కాపాడదామని తాతయ్యగారు అట్లా చెప్పుంటారు. మీరు అనేదుంటే నన్నే అనండి. మా నాన్నని మాత్రం ఏమీ అనొద్దు."

జయమణి పక్కకి జరిగి మెట్టు మీద చోటిచ్చింది.

"మా చిన్నాన్న మాటలు పుట్టినప్పట్నుంచీ వింటున్నా," అంది జయమణి. "నిజమేదో నాకు తెలీదటే? నువ్వేం చెప్తావో విందామని అడిగా." పిల్లని దగ్గరికి లాక్కుని జుట్టులో దుమ్ము దులిపింది. "విడిదికి వంక పెట్టే పనేం లేదు. నా మొక్కు తీర్చింది."

తర్వాత మావాడి వంక తిరిగింది. "నువ్వు పొద్దున వెళ్ళింది విడిది చూడ్డానికా, పిల్లని చూడ్డానికా?"

వాడికి ఆ ఏటిగాలిలో కూడా చెమట పట్టడం నేను చూశా. అయినా తల దించలేదు. "వెళ్ళింది విడిదికే పెద్దమ్మా. నచ్చింది మాత్రం... ఈవిడ ఒప్పుకుంటే చెప్తా."

కృష్ణప్రియ ఏటివైపు తిరిగిపోయింది. చెవులు మాత్రం బంతిపువ్వు రంగులోకి వచ్చాయి. లారీకి పూజ చేయించి, ఆ పిల్లని జయమణి తన మంచం మీదే కూర్చోబెట్టుకుంది. నవీనుగాడు వెనకాలే దుమ్ము తింటూ మోటర్‌సైకిల్ మీద వచ్చాడు. తెర కొంచెం తొలగినప్పుడల్లా హారన్ కొట్టాడు. ఆ తెర ఊరికే తొలగలేదు. గాలికి అయితే ఒకవైపే తొలుగుతుందా?

మరుసటి ఏడు వాళ్ళ పెళ్ళి. వెంకటరత్నం ఈసారి ఏసీ గదులున్న కళ్యాణమండపం ముందే మాట్లాడి ఉంచాడు. లారీల్లో అయితేనే వస్తామని జయమణి కబురు పెట్టింది. ప్రేమానందం దగ్గర తాళంచెవులు నేను తీసుకుని దాచా. మధ్యాహ్నం వేదాద్రి వెళ్ళాలి, ఇచ్చెయ్ చిన్నాన్నా అని జయమణి మళ్ళీ ఇప్పించింది.

విడిది చూడ్డానికి పెళ్ళికొడుకు రాకూడదు. వాడు వచ్చాడు. వెంట నేను. కొత్త లారీ పాతబడింది, అలంకారం మాత్రం అట్లాగే ఉంది. క్యాబిన్ మీద ఆ పిల్ల, ఒంటికి నలుగు పసుపు, నోట్లో పురికొస. పెళ్ళికూతురివి, నువ్వెక్కడమేంటే అని కిందనుంచి వాళ్ళమ్మ మొత్తుకుంటోంది.

కృష్ణప్రియ పురికొస తీసింది. "చూశారుగా. ఏమని చెప్తారు మీవాళ్ళకి?"

"వాళ్ళని భోంచేసి వెళ్ళిపొమ్మని చెప్తా," అన్నాడు నవీన్‌బాబు. "నేనిక్కడ ఉండిపోతున్నా."

పైనుంచి తోరణం మొత్తం వచ్చి వాడి నెత్తిన పడింది. జారిందనే అంది ఆ పిల్ల.