గవిగుట్టలో సున్నపు గోడ

కూలిన రైల్వే గ్యాంగు గుడిసె నేలను కుళ్ళాయప్ప, ఎర్రిస్వామి తవ్వుతుంటే గునపానికి ఖణేల్‌మని తగిలింది ఒక ఇనుప పెట్టె. అందులో పాత గుడ్డ మీద గీసిన పటం. ఎడారిలాంటి ఇసుక దిబ్బల నడుమ చిన్న రైలు దారి, ఇసుకమిట్ట స్టేషను, దాని వెనక గవిగుట్ట. ఆ గుట్టలోని గుహ లోపలి గోడ మీద ఎర్రగా చుట్టిన సున్నా. పక్కనే రాత: "ఇది ముట్టరాదు."

"బంగారం కాకుంటే ముట్టొద్దని ఎందుకు రాస్తారప్పా?" అన్నాడు కుళ్ళాయప్ప. బోర్లు వేసే మనిషి. నేల తట్టి లోపలేముందో చెబుతానని గొప్పలు పోయేవాడు.

పట్టాలు చూసుకునే అతని బావమరిది ఎర్రిస్వామికీ ఆ మాట నిజమే అనిపించింది. ఏటా ఇసుకమిట్ట ఆడవాళ్ళు ఆ గోడకు సున్నం కొట్టి, పసుపు కుంకుమలు పెడతారు. బయటివాళ్ళను గుహ వాకిట్లోనే ఆపేస్తారు. వచ్చే నెల ఈ లైను మూసేస్తారట. తన ఉద్యోగం ఊడినట్టే.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ రైలెక్కారు. రెండు పెట్టెలు, వెనక నీళ్ళ ట్యాంకరు. ఇసుక దిబ్బలు చూడవచ్చిన జనం కిటికీలకు వేలాడుతూ "అదిగో జింకలు!" అని కేకలు పెడుతున్నారు. ప్రతి స్టేషనులోనూ ఆడవాళ్ళు బిందెలతో ట్యాంకరు మీద పడుతున్నారు. ఎర్రిస్వామి మాత్రం తల ఎత్తలేదు.

ఇసుకమిట్టలో దిగగానే హనుమక్క అవ్వ ఎదురైంది. "ఏం నాయనా, ఈ ఎండలో యాడికి? సంగటి చేసినా, తినిపో."

ఎర్రిస్వామి పదకొండేళ్ళుగా ఆమె చేతి సంగటి తిన్నవాడే. "లైను చూడల్ల అవ్వా" అని అబద్ధమాడాడు. ఛీ, ఇదేం బతుకు అనుకుంటూనే నడిచాడు.

గుహలో పాకుతూ, గబ్బిలాలను తోలుకుంటూ గోడ చేరారు. కుళ్ళాయప్ప సుత్తితో తట్టి చెవి ఆనించాడు. "వెనక గది ఉందిరా! మూడింటికి రైలు తిరిగొస్తాది. కొట్టు!"

"బావా, వద్దులే. నా మనసొప్పడంల్యా."

"ఇంతదూరమొచ్చి ఇప్పుడా? పక్కకు జరుగు!"

నాలుగు దెబ్బలకు గోడలో రొమ్మెత్తున పిడికెడంత రాయి ఎగిరిపడింది. దాని వెనకే బుస్సుమని నీళ్ళు! ఆ ధాటికి కుళ్ళాయప్ప వెల్లకిలా పడ్డాడు. బంగారం లేదు, గింగారం లేదు. గుట్ట మీద పడిన వానంతా ఒడిసిపట్టి ఊరు దాచుకున్న నీళ్ళవి. మోకాలి లోతున పారి, వాకిలి దాటి ఇసుకలో ఇంకిపోతున్నాయి.

దూరంగా రైలు కూత వేసింది. "పరిగెత్తరా! చూస్తే చంపుతారు!" అని అరిచి కుళ్ళాయప్ప వెనక్కి చూడకుండా పారిపోయాడు.

ఎర్రిస్వామి తలగుడ్డ కుక్కాడు. ఊడిపోయింది. చొక్కా కుక్కాడు. అదీ పోయింది. చివరికి కుడిచెయ్యి మోచేతి దాకా దూర్చి, గోడకు రొమ్ము ఆనించి నిలబడ్డాడు. ధార ఆగింది. రాళ్ళు కోసి చెయ్యి మండిపోతోంది.

ఇసుకలో తడి చూసి ఊరంతా పరిగెత్తుకొచ్చింది.

"అయ్యో! ఎవురు పగలగొట్టింది?" అంది హనుమక్క.

"మేమే అవ్వా. బంగారమనుకున్యాం." కుళ్ళాయప్ప ఒక్కడే చేశాడని చెప్పడానికి నోరు రాలేదు.

ఆమె గోడను తడిమి చూసింది. "రైలు నిలిచినాక మాకు ఇవే గతి నాయనా. సగం పోయినాయి." తర్వాత వెనక్కి తిరిగి, "జిగటమన్ను తెండే!" అని కేకేసింది.

ఆడవాళ్ళు గంపలతో తెచ్చి, అతని చేతి చుట్టూ మన్ను మెత్తుతూ, ముద్ద వెనక ముద్ద పెట్టి అదిమారు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఒక్కరైనా తిట్టండమ్మా అని బతిమాలాలనిపించింది అతనికి.

"ఇంగ మెల్లగా తియ్యి నాయనా, ఊపిరి బిగబట్టి" అంది హనుమక్క, అతని భుజం పట్టుకుని. చెయ్యి బయటికి వస్తుంటే ఆడవాళ్ళు ఆ సందులో మన్ను ముద్దలు కూరారు. గోడ నిలిచింది. ఎర్రిస్వామి అక్కడే బురదలో కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.