బ్యాంకాక్‌లో జమ్మి ఆకు

"పదకొండు మంది ప్రాణాలు. గుర్తుంచుకో," అని రజనిని హెచ్చరించి, పెన్‌డ్రైవ్‌ను మాత్రం ప్రకాశ్ చేతిలో పెట్టాడు చీఫ్ రాజలింగం. రజనికి అక్కడే మండింది.

బ్యాంకాక్‌లోని విదేశీ ముఠాలో పదకొండు మంది మన ఏజెంట్లు మారువేషాల్లో ఉన్నారు. పెన్‌డ్రైవ్‌లో వాళ్ల పేర్లున్నాయి. దాన్ని డబుల్ ఏజెంట్ లీలకు అందిస్తే ఆమె వాళ్లను తప్పిస్తుంది. లీలది మహబూబాబాద్. ఆమె మొహం వీళ్లిద్దరికీ తెలియదు. దసరా నాడు తానుగా వచ్చి ప్రకాశ్ ఇచ్చే జమ్మి ఆకు అందుకునే మనిషే లీల.

జనగామ రజని, మొగుళ్లపల్లి ప్రకాశ్ టూరిస్టు దంపతుల్లా దిగారు. మూడు రోజులు గుళ్లు, చైనాటౌన్ సందులు, పార్కులు తెగ తిరిగారు. ఈ వేషం నిజమైతే ఎంత బాగుండునని రజని మనసు ఒకటే పోరు. ఆ మొద్దుకు అర్థమైతేగా!

దసరా నాడు నది ఒడ్డున బుద్ధుడి గుడి దగ్గర లీల కలిసింది. ఎర్ర గౌను, నడుం దాటిన జడ. ప్రకాశ్ నోరు తెరిచి చూస్తూ జమ్మి అందించాడు. ఆమె నవ్వి, ఆకును జడలో తురుముకుంది. నిఘా ఉంది, తెలుగు వద్దంటూ ఇంగ్లీషులో గుసగుసలాడి, అతన్ని పార్కుకు తీసుకుపోయింది.

చెరువు పక్కన బెంచీ మీద ఇద్దరూ ఆనుకుని కూర్చున్నారు. ఇరవై అడుగుల వెనక రజని. చుట్టుపక్కల కాపలా కాయాల్సింది పోయి, జూమ్ కళ్లద్దాలతో ఆ జడనే చూస్తోంది. కుళ్లుకుంటూ చూస్తుండగా అందులోని జమ్మి ఆకు మీద చూపు ఆగింది. వెంటనే మైక్ నొక్కింది.

"ప్రకాశ్, ఇయ్యకు. ఆమె లీల కాదు."

"కడుపు మంటనా, రజనీ?" ఇయర్‌పీస్‌లో గొణిగాడు.

"అవ్, కడుపు మంటనే. దసరా జమ్మిని కండ్లకద్దుకొని దేవుని కాడ దాస్కుంటరు గని, జడల వెట్టుకునేటోళ్లున్నరా మన దిక్కు?"

పెన్‌డ్రైవ్ అప్పటికే ఆమె వేళ్లకు తగిలింది. ప్రకాశ్ చెయ్యి లాక్కున్నాడు. ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసేలోపు రజని ఒక్క ఉరుకున వచ్చి రెండు తన్నులు తన్నింది. ఎర్ర గౌను చెరువులో పడింది. ఒక తన్ను డ్యూటీకి, ఇంకోటి సొంతానికి.

స్థానిక పోలీసులు ఆమె నోరు విప్పించారు. అసలు లీలను ముఠా గోదాములో బంధించి, జమ్మి గుర్తును ఆమెతో చెప్పించుకుందట. సాయంత్రానికల్లా లీలను విడిపించారు.

చినిగిన చొక్కాలోనూ లీల ఆ దొంగ లీల కంటే అందంగా ఉంది. రజని ప్రాణం ఉసూరుమంది. లీల నేరుగా ప్రకాశ్ దగ్గరికి వచ్చింది.

"మంచిగున్నవా, అన్నా?"

ప్రకాశ్ మొహం చిన్నబోయింది. రజని వెళ్లి ఆమెను గట్టిగా వాటేసుకుంది. ఆ రోజు రిపోర్టులో, ఏజెంట్ లీల నూటికి నూరు పాళ్లు నమ్మదగిన మనిషని రాసి సంతకం చేసింది.