పచ్చిమిరపకాయ వైద్యం

పొద్దున్నే చూస్తే పచ్చిమిరపకాయల పొట్లం మళ్ళీ మాయం. నాలుగు రోజుల్లో ఇది రెండోది. ఇంట్లో తినేది ఇద్దరే, తనూ తమ్ముడూ. మరి ఇవన్నీ ఏమైపోతున్నట్టు? బ్యాగు భుజాన వేసుకున్న అక్క బయల్దేరబోతూ ఆగి, బాల్కనీలోకి తొంగిచూసింది.

తమ్ముడు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. సిటీ బస్సు నడిపిన రోజుల్లో వాడి నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. తలలో కంతి పడి ఉద్యోగం మానేశాక, పొద్దస్తమానం ఆ గోడలే వాడికి తోడు. ఇప్పుడు చేతిలో సగం కొరికిన మిరపకాయ, కళ్ళూ ముక్కూ ఏకధారగా కారుతున్నాయి.

"ఒరేయ్ తిక్కలోడా, ఏంట్రా ఇది?"

"నువ్వేగా చెప్పావు! మిరపకాయ మంటని కనిపెట్టే గ్రాహకమేదో ఈ కంతి కణాల మీద కూడా ఉంటుందనీ, దాన్ని రెచ్చగొడితే చస్తాయనీ. అందుకే ఈ సొంత వైద్యం."

అక్క పని అదే. వేడినీ మంటనూ పసిగట్టే ఆ గ్రాహకాన్ని పరిశోధనశాలలో మందుతో తట్టి చూస్తుంది. గాజు పళ్ళేల్లో పెంచిన కంతి కణాలు కొన్నిసార్లు చస్తాయి కూడా. ఓసారి అన్నం తింటూ సంబరంగా అంతవరకే చెప్పింది.

"పళ్ళెంలో చస్తే తలలో చచ్చినట్టా? నువ్వు నమిలింది అక్కడిదాకా పోదురా! అసలైన మందు రావాలంటే ఇంకా ఏళ్ళు పడుతుంది!"

అనేశాక నాలిక కరుచుకుంది. మూడు నెలలుగా కడుపులో దాచుకున్న మాట అది.

తమ్ముడు మాత్రం ఉలిక్కిపడలేదు. "తెలుసక్కా. నాకు అన్నేళ్ళు లేవని డాక్టరు నాతోనూ చెప్పాడు."

"తెలిసీ ఎందుకు తింటున్నావు?"

"నువ్వు చెప్పులేసుకునే వేళకి నాకు ఏడుపొస్తుంది. పొద్దంతా ఒక్కణ్ణే కదా. ఊరికే ఏడిస్తే నువ్వు తట్టుకోలేవు. ఇదైతే మంటకని చెప్పుకోవచ్చు."

"ఉండిపొమ్మని ఒక్కసారైనా అనలేదేంరా?"

"నాకోసమే పోతున్నావాయె. ఎలా అడగను?"

వాడి దగ్గర ఉండాల్సిన మూడు నెలలూ తను గాజు పళ్ళేల దగ్గరే గడిపేసింది. అక్క ఫోన్ తీసి, పరిశోధనశాలలో తనతో పనిచేసే అమ్మాయికి కలిపింది.

"నేను రావట్లేదు. ఇవాళే కాదు, కొన్నాళ్ళు రాను. కణాల్ని నువ్వు చూసుకో తల్లీ."

బ్యాగు కింద పడేసి, వాడి పక్కనే చతికిలబడింది. తమ్ముడు ఒక మిరపకాయ చేతికివ్వబోయాడు.

"కావాలా?"

వద్దని తలూపింది. మిరపకాయ కొరక్కుండానే, వాడి భుజం మీద పడి బావురుమంది.